ఎరుకతో పిల్లల పెంపకం

పిల్లల ప్రవర్తనను దిద్దబోయే ముందు తల్లిదండ్రులు తమ కోపాన్ని, భయాన్ని, చిన్ననాటి గాయాలను గుర్తుపట్టి, వాటి బరువు పిల్లల మీద పడకుండా చూసుకునే పెంపకపు తీరు. ముంబైలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మనస్తత్వవేత్త షెఫాలీ త్సాబరీ రాసిన 'ద కాన్షస్ పేరెంట్' (2010) దీనికి ప్రచారం తెచ్చింది.

ఆలోచన మాత్రం పాతదే. 1975లో అమెరికన్ మనోవిశ్లేషకురాలు సెల్మా ఫ్రైబర్గ్, ఆమె సహచరులు ఒక సంగతి గమనించారు: చిన్నప్పుడు తిన్న దెబ్బలు గుర్తుండటం వేరు, ఆనాటి నొప్పి గుర్తుండటం వేరు. నొప్పిని అణచిపెట్టుకున్నవారే అవే దెబ్బలు తమ బిడ్డకూ వేస్తారు. దాన్ని గుర్తుచేసుకుని ఏడవగలిగినవారు చాలావరకు ఆగిపోతారు.

తెలుగులో ఈ చర్చను ముందే లేవనెత్తినవాడు రచయిత గుడిపాటి వెంకటచలం (1894–1979). తండ్రి చేతిలో తల్లి పడిన బాధలు చూస్తూ పెరిగిన మనిషి ఆయన. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. గోడకుర్చీ, కోదండం లాంటి శిక్షలు చదువులో భాగమని లోకం నమ్మిన కాలంలో, 'బిడ్డల శిక్షణ' అనే పుస్తకంలో పిల్లలను కొట్టడాన్ని, భయపెట్టి లొంగదీయడాన్ని తప్పుపట్టాడు. మార్చవలసింది ముందు పెద్దలనే అన్నది ఆయన పట్టు. చలం పేరెత్తగానే స్త్రీ స్వేచ్ఛ దగ్గరే ఆగిపోతాం. ఈ పుస్తకానికి దక్కవలసిన చోటు దక్కలేదు.

ఈ పద్ధతి రోజువారీ బతుకులో ఎలా ఉంటుందో చూద్దాం. తెలంగాణలోని సిద్దిపేట, దుబ్బాక ప్రాంతాల్లో ఎందరో తల్లులు ఇంట్లోనే బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. తునికాకు కత్తిరిస్తూ, దారం చుడుతూ ఉండగా పిల్లవాడు గంప తన్నేస్తే నోటికి వచ్చేది తిట్టే. బుగులు పెట్టడం, పోలీసులకు పట్టిస్తననడం ఇళ్లలో మామూలు. అయితే కాసేపటికి, "బిడ్డా, పని ఒడవలేదని ఉత్తగనే తిట్టిన, నీ తప్పు లేదు" అనగలిగితే ఈ పద్ధతిలో ముఖ్యమైన పని జరిగినట్టే. దీనికి పరిశోధన ఆధారమూ ఉంది. అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970లలో చేసిన ప్రయోగాల్లో, తల్లి ముఖం కదలకుండా పెడితే పసిబిడ్డ మొదట కవ్వించి చూసి, తర్వాత ముఖం తిప్పేసుకుంది. మామూలు రోజుల్లోనూ తల్లీబిడ్డల మధ్య పొంతన మాటిమాటికీ తప్పుతూనే ఉంటుందని, బంధాన్ని నిలిపేది మళ్లీ కలుపుకోవడమేనని ఆయన తేల్చాడు.

నిజాయితీకీ హద్దుంది. అప్పుల గోస, మొగుడూ పెళ్లాల తగువులు ఎనిమిదేళ్ల పిల్లకు చెప్పుకుని ఏడిస్తే బిడ్డే తల్లి కావలసివస్తుంది. ఈ తరహా పుస్తకాల్లో ఇంకో లోపం కూడా ఉంది. తనలోకి తాను చూసుకోవడానికి తీరిక ఉందన్నట్టే రాస్తారు. తండ్రి గల్ఫ్‌లో, తల్లి కూలిలో ఉన్న ఇంట్లో పెంచేది అమ్మమ్మో నాయనమ్మో. వాళ్లను వదిలేసిన సలహా సగం సలహా.

ఇక చట్టాల సంగతికొస్తే, స్వీడన్ 1979లోనే ఇంట్లో పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. మన విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ దెబ్బలను, మానసిక వేధింపును బడి వరకే నిషేధిస్తుంది. పాత గాయాలతో సతమతమయ్యే తల్లిదండ్రులు 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు (14416) ఫోన్ చేసి తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు.