కిష్టాగౌడు, భూమయ్యల ఉరిశిక్ష

ఈ యేటి మహాసభ గోదావరిఖని బొగ్గుగనుల సీమలో జరుగుచున్నందున, గోదావరి ఆవలియొడ్డున జరిగిన కథ నొకదానిని వ్రాయ సంకల్పించితిమి. గౌడ కులచరిత్రలు సర్వాయి పాపన్నతో ప్రారంభమై, దాతల ఛాయాచిత్రములతో ముగియుట వాడుక. ఉరికంబ మెక్కినవానికి వానిలో చోటు చాలదు కాబోలు!

కిష్టాగౌడు, భూమయ్యలు పూర్వపు ఆదిలాబాదు జిల్లావారు. నక్సలైటు ఉద్యమమున చేరి, హత్యానేరమునకు 1972లో మరణశిక్ష పొందిరి. కిష్టాగౌడు మనవాడని ఆయన పేరే చెప్పుచున్నది. ఆ కాలపు చట్టము ప్రకారము మరణశిక్ష వేయుటకు న్యాయాధిపతి విశేషకారణములు చూపనక్కరలేదు. 1974 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చిన క్రొత్త స్మృతి అట్టి కారణములు వ్రాయవలెనని విధించినది. రెండేండ్ల తేడా!

1975 మే నెలలో ఉరికి కొన్ని గంటలే మిగిలియుండగా, కె. జి. కన్నబిరాన్ ప్రభృతి న్యాయవాదులు రాత్రివేళ న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి గారి యింటికేగి నిలుపుదల ఉత్తరువు తెచ్చిరి. జూన్ 25న అత్యయికస్థితి వచ్చెను. పత్రికలపై నిర్బంధము, సభలపై నిషేధము. సుప్రీంకోర్టులో న్యాయమూర్తి కృష్ణయ్యరు గారు మరణశిక్షపై తమ విముఖతను దాచుకొనలేదు. అయినను క్షమాభిక్ష రాష్ట్రపతి అధికారమనియు, అందు తాము చేయి పెట్టజాలమనియు తీర్పు చెప్పిరి. 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైలులో ఇరువురిని ఉరితీసిరి. ఆ జైలు స్థలమున నేడు గాంధీ ఆసుపత్రి యున్నది.

ఇక ఇంటి సంగతి. గీతవాని సంసారము మోకు మీద నడచును. చెట్టు మగవాని పేరనుండును. అతడు చెరసాల పాలయిన లొట్టి దించువాడు లేడు. ఆలి చెట్టెక్కజాలదు. జిల్లా నుండి హైదరాబాదుకు పోయి జైలు వాకిట నిలుచుటకే కూలిడబ్బులు చాలవు. ఇది కిష్టాగౌడు ఇల్లని కాదు. శిక్షపడిన ప్రతి గీతకార్మికుని ఇంటి సంగతియు నిదియే. ఇట్టి దైన్యమును క్షమాభిక్ష వేళ పాలకుల చెవిని వేయవలసినది కులపెద్దలు గాక మరెవరు?

మనలో రెండు మాటలు లేకపోలేదు. హంతకుని మనవాడనుట కులమునకు మచ్చయని కొందరు. దొరలను ఎదిరించినవాడని కొందరు. చంపబడినవాని యింటను ఏడ్పు కలదని మేమును మరువము. కాని నేరము వేరు, ప్రాణభిక్ష యడుగుట వేరు. చిలకలూరిపేట సంగతి చూడుడు: 1993 మార్చి 8న బస్సు దహనమున 23 మంది మరణించిరి. అంతటి ఘోరము చేసిన ఇద్దరు దళిత యువకుల ఉరి 1997లో నిలిచి, మరుసటి యేడు రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్ గారిచే యావజ్జీవముగ మారెను. నాడు మహాశ్వేతాదేవి వంటి రచయిత్రియు, పౌరహక్కుల వారును నోరు విప్పిరి. నోరు విప్పుటకు వీలు కూడ నుండెను. 1975లో ఆ వీలు లేదు సరే. 1977లో నిర్బంధము తొలగిన పిమ్మట మన సంఘములకు అడ్డమేమి?

కావున ఈ మహాసభ పక్షమున ఇద్దరు పెద్దలు ఆవలియొడ్డునకు పోయి, ఆ రెండిండ్ల వారిని పలుకరించి రావలెననియు, భూమయ్య ఇంటిని కులము చూచి విడువరాదనియు మా కోరిక. దారిఖర్చులు సంఘనిధి నుండి ఈయవచ్చును.