రాగి చేలో అనప సాలు

మా మదనపల్లె వైపు చలి మొదలైందంటే సంగటిలోకి పితికిపప్పు పులుసు ఉండాల్సిందే. అనపకాయలు ఒలిచి, గింజల్ని నీళ్ళలో నానేసి, రెండు వేళ్ళ మధ్య ఒక్కో గింజనీ నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి జారుతుంది. పుంగనూరు ఆవు పాలు పితకడానికీ, గింజ పితకడానికీ ఒకటే క్రియ. కుప్పం దాటి కోలారు వైపు పోతే ఇదే 'హితకిద బేళె'. మన 'ప' కన్నడంలో 'హ' అవుతుందని బి.ఏ.లో చదివాం కదా: పాలు హాలు, పులి హులి. కృష్ణగిరి వైపు దిగితే 'పిదుక్కు పరుప్పు'. మూడు రాష్ట్రాలు కలిసే చోట ముగ్గురిదీ ఒకే పని, ఒకే మాట. వంట ఎవరిదని కొట్లాడుకోను సందే లేదు.

అనప చాలా పాతది. బళ్ళారి వైపు నవీన శిలాయుగపు ఊళ్ళ తవ్వకాల్లో మాడి బొగ్గైన అనపగింజలు దొరికాయి. దానికి తోడైన రాగి ఆఫ్రికా నుంచి వచ్చింది. వచ్చినా మనదే అయిపోయింది. పదహారో శతాబ్దపు కనకదాసు 'రామధాన్య చరిత్రె'లో వరీ రాగీ గొడవపడితే రాముడు రెంటినీ ఆరునెలలు చెరలో పెట్టి, చెడకుండా మిగిలిన రాగినే మెచ్చుకుంటాడు. కరువు సీమలో ఏళ్ళ తరబడి నిలవుండే గింజ విలువ ఆయనకు తెలుసు!

కొన్ని సాళ్ళ రాగికి ఒక సాలు అనప వేసేవాళ్ళు. రాగి కోసేశాక అనప తీగ చేనంతా పరుచుకుని, చలికాలంలో కాపుకొచ్చేది. నాటు అనప పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. ఆకు పశువులకు, వేరు నేలకు సారం. ఎరువు ఖర్చు లేని సేద్యం అది.

తర్వాత చెనిక్కాయ వచ్చింది, సాళ్ళు పోయాయి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక సంగటి పేదల తిండని మొహం తిప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. అన్నం దొరికినందుకు మాత్రం నేను తప్పు పట్టను, ఆకలి తెలిసినవాళ్ళెవరూ పట్టరు. ఆపైన టమాటా. మదనపల్లె మార్కెట్టు దేశమంతటికీ తెలుసు గానీ, ధర పడిపోయిన రోజు రోడ్డు పక్కన పారబోసిన పండ్లూ మాకే తెలుసు.

బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ హెచ్.ఎ.-4 లాంటి రకాలు ఏ కాలంలోనైనా కాస్తాయి. రైతుకు మేలే. మా అత్తమ్మ మాత్రం ఒప్పుకోదు.

"మంచు పడని కాయకు వాసన యాడ నుంచి వస్తాది మే?" అంటుంది.

సంక్రాంతి రోజుల్లో సంతలో పితికిన పప్పు అమ్మే ఆడవాళ్ళుంటారు. తెల్లారేసరికి గంపెడు గింజలు పితికి, వేళ్ళు నానిపోయి ఉంటాయి. బేరమాడేవాళ్ళు ఒక్క శేరు పితికి చూడాలి.

మా చేలో ఇప్పుడు టమాటానే. గట్టు మీద మాత్రం అత్తమ్మ నాటు అనప వేస్తుంది. ఎండిన గింజల్ని బూడిద కలిపి కుండలో దాస్తుంది. అడిగినవాళ్ళకు దోసెడు ఇస్తుంది, మరుసటేడు రెండు దోసెళ్ళు తిరిగివ్వాలన్న మాట మీద. పోయినేడు ముగ్గురు తెచ్చిచ్చారు.