సారాతో పరుగెత్తిన కార్లు

పెట్రోల్‌లో ఇథనాల్, అంటే సారా, కలుపుతున్నారనగానే మన దగ్గర బండి ఉన్నవాళ్లు ముందు అడిగేది మైలేజీ ఎంత పడిపోతుందని. అదే ఇథనాల్ కోసం సొంత డబ్బు పోసి, ఇంజన్ విప్పించి, కారును మార్పించుకునే వేగప్రియులు అమెరికాలో, బ్రెజిల్‌లో ఎందరో ఉన్నారు. ఒకే ఇంధనం ఒకరికి దండుగగా, మరొకరికి పండగగా ఎందుకు తోస్తోంది? వందేళ్ల చరిత్ర తిరగేస్తే తేలేది ఒకటే. ఇథనాల్‌కు మంచిపేరు వచ్చినా చెడ్డపేరు వచ్చినా, దానికి తగ్గట్టు ఇంజన్‌ను సిద్ధం చేశారా లేదా అన్నదాన్ని బట్టే వచ్చింది.

కిలో పెట్రోల్ పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే అంతే గాలికి ఇథనాల్ ఎక్కువ పోయాలి. అరచేతిలో స్పిరిట్ వేసుకుంటే చల్లగా తగిలినట్టే, ఇంజన్‌లోకి వెళ్లే గాలినీ ఇది చల్లబరుస్తుంది. ఆక్టేన్ 100 దాటుతుంది కనుక టర్బో ఒత్తిడి పెంచినా, ఇంధనం తనంతట తానే పేలి ఇంజన్ కొట్టుకునే ‘నాకింగ్’ తొందరగా రాదు. కానీ లీటరుకు వచ్చే శక్తి పెట్రోల్ కంటే మూడోవంతు తక్కువ. అందుకే పెద్ద ఇంజెక్టర్లు, బలమైన పంపు, సారాకు తట్టుకునే గొట్టాలు, మళ్లీ లెక్కగట్టిన ట్యూనింగ్ కావాలి. స్వీడన్‌కు చెందిన కోనిగ్‌సెగ్ సీసీఎక్స్ కారు పెట్రోల్‌తో 806 హార్స్‌పవర్ ఇచ్చేది. 2007లో 85 శాతం దాకా ఇథనాల్ ఉండే ఈ85 కోసం మలిచిన సీసీఎక్స్ఆర్ 1018 ఇచ్చింది.

అంత గొప్పదైతే పెట్రోల్ ముందు ఎందుకు ఓడిందని అడగవచ్చు. ఓటమి ఇంజన్‌లో జరగలేదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో సారాపై పడిన భారీ పన్ను, ఇంధనంగా వాడే సారాపై 1906లో గానీ తొలగలేదు. అప్పటికే పెట్రోల్ చవగ్గా పారుతోంది. 1921 అక్టోబరులో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్‌గ్లీ, 30 శాతం ఆల్కహాల్ కలిపిన ఇంధనంతో హెచ్చు కంప్రెషన్ కారును ఇండియానాపొలిస్‌లో జరిగిన ఇంజనీర్ల సమావేశానికి నడుపుకుంటూ వెళ్లాడు. డిసెంబరులో అతని బృందానికే నాకింగ్‌ను ఆపే సీసపు రసాయనం, టెట్రాఇథైల్ లెడ్ దొరికింది. చిటికెడు సీసం చాలు, పైగా దానికి పేటెంటూ ఉంటుంది. సారాను ఎవరు పేటెంట్ చేయగలరు? సీసం విషమన్నది 1924లోనే ఫ్యాక్టరీ కార్మికుల చావులతో బయటపడినా, దశాబ్దాల పాటు దానిదే రాజ్యమైంది.

ఆ ఇండియానాపొలిస్‌లోనే, రేసు మైదానంలో 1964 మే 30న పెట్రోల్ మంటల్లో డ్రైవర్లు ఎడ్డీ శాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత జట్లు మిథనాల్‌కు మారాయి. దాని మంట నీళ్లతో ఆరుతుంది. కానీ ఆ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. 1981లో ఇంధనం నింపుతుండగా డ్రైవర్ రిక్ మియర్స్ ముఖానికి నిప్పంటుకుంటే చుట్టూ ఉన్నవాళ్లకు మొదట ఏం జరుగుతోందో అర్థం కాలేదు. చివరికి 2007లో ఆ పోటీలు పూర్తిగా ఇథనాల్‌కు వచ్చాయి. ఆ ఏడే ఇంజన్ సామర్థ్యం 3.0 నుంచి 3.5 లీటర్లకు పెరిగింది. ఇంధనాన్ని మార్చినవాళ్లు ఇంజన్‌ను పాతదిగా వదిలేయలేదు.

రేసుకు చెల్లేది రోడ్డు మీద చెల్లుతుందా? జవాబు బ్రెజిల్‌లో ఉంది. 1975లో ప్రభుత్వం సారా ఇంధన పథకం ‘ప్రొఆల్కూల్’ ప్రకటించాక, మరుసటి ఏడు ఇంజనీర్ ఉర్బానో స్టంఫ్ బృందం మార్చిన కార్లు సారాతో దేశం చుట్టి వచ్చాయి. కార్బ్యురేటర్‌ను సారా తినేయకుండా నికెల్ పూత, కంప్రెషన్ పెంపు, చలిపొద్దున స్టార్ట్ అవడానికి చిన్న పెట్రోల్ ట్యాంకు వంటి ఏర్పాట్లు సారా కార్లలో స్థిరపడ్డాయి. 1979లో ఫియట్ 147 సారా కారుగా మార్కెట్లోకి వచ్చింది. 1980ల మధ్యకు అమ్ముడైన కొత్త కార్లలో పదింట తొమ్మిది అవే. 1989లో సారా కొరత వచ్చి నమ్మకం కూలిందన్నది నిజమే. అయితే కూలింది సరఫరా, ఇంజన్ కాదు. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ కారు, సారా, పెట్రోల్ ఏ పాళ్లలో పోసినా తానే సర్దుకునే ఇంజన్‌తో వచ్చి ఆ భయాన్నీ తీర్చింది.

మన దేశంలోనూ సారాను ఇంధనంగా వాడేందుకు 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ అమ్మకాలు 2023లో మొదలయ్యాయి. అయితే ఇంజన్ ఒప్పుకున్నంత మాత్రాన ఊరు ఒప్పుకోవాలని లేదు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డెక్కారు. నీరు, పంట, గాలి గురించిన ఆ ప్రశ్నలకు ఏ మెకానిక్కూ జవాబు చెప్పలేడు. మైలేజీ పోయిందన్న ఫిర్యాదుకు మాత్రం చరిత్ర దగ్గర జవాబుంది. రేసువాళ్లూ బ్రెజిల్‌వాళ్లూ ముందు ఇంజన్‌ను విప్పారు. మన దగ్గర పాత బండి అలాగే ఉంది, బంకులో గొట్టంలోంచి వచ్చేదే మారింది.