షాద్‌నగర్‌లో పది నిమిషాలు

జగ్గయ్యపేటలో మా ఇంటి డయలప్ మోడెం 56 కిలోబిట్లది. కీచుమంటుంటే తెగ విసుక్కునేవాణ్ణి. సరే, అసలు సంగతికొస్తా.

హైదరాబాదులో ఐటీ చరిత్ర అనగానే మనవాళ్ళు 1998 నాటి హైటెక్ సిటీతో మొదలెడతారు. నేనొప్పుకోను. షాద్‌నగర్‌లో ఎన్.ఆర్.ఎస్.ఎ. వాళ్ళ కేంద్రం 1979లోనే ఉపగ్రహాల డేటా కోసం వెలిసింది. 1995 డిసెంబరులో ఎగిరిన ఐఆర్ఎస్-1సి, ఒక్క కెమెరా నుంచే సెకనుకి దాదాపు 85 మెగాబిట్లు దించేది. ఒక్కసారి వస్తే కనపడేది ఓ పది నిమిషాలు. ఆ సరుకు మా మోడెంకైతే పది రోజుల పని!

పైగా అక్కడ మనకున్నట్టు 'రీట్రై' లేదు. యాంటెన్నా గురి తప్పిందా, ఆ దృశ్యం పోయినట్టే. మళ్ళీ అదే దారిన రావాలంటే 24 రోజులు. అంతలో మా మునేరుకి వరద వచ్చి, తీసి కూడా పోతుంది.

సర్వర్ పడితే రీస్టార్ట్ కొట్టి టీకెళ్ళే మనం, వాళ్ళని ఒక్కసారైనా తలుచుకోవద్దూ?