చెరుకు కత్తి పిడి, గొడ్డలి కామ: కాగితం ఎక్కని మన చరిత్ర

పోస్టు కొంచెం పొడుగు, ఓపికతో చదవండి.

బోధన్ చరిత్ర అనంగనే మనకు కొన్ని తారీఖులు చెప్తరు. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్లతో చెరుకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, శక్కర్‌నగర్ వెలిసింది. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఇదంతా రాసి ఉంది. కానీ మిల్లుకు పోయిన ప్రతి గడనూ ముందు ఒక చెయ్యి నరికింది. ఆ చేతిలో కత్తి, కత్తికి కట్టె పిడి. దాని గురించి ఎవరు రాసిన్రు?

చెరుకును నేలకు ఆనించి కొట్టాలె. అడుగు గడలోనే తీపి ఎక్కువ. మొదలు పైకి వదిలితే చక్కెర పొలంలోనే పోతది, తర్వాత వచ్చే కార్శి కూడా సరిగ్గ రాదు. రోజంతా వంగి కొట్టేటోళ్లకు పిడి వదులైతే కత్తి చేతిలో తిరుగుతది, అరచేయి బొబ్బలెక్కుతది. అందుకే పిడి వేసుడు చిన్న పని కాదు.

కత్తికీ కొడవలికీ వెనుక సన్నని తోక ఉంటది. ఎండిన కట్టెకు చిన్న బెజ్జం చేసి, తోకను కొలిమిలో ఎర్రగ కాల్చి దాంట్లకు దించుతరు. కట్టె లోపల కాలి, తోకకు సరిపోయేంత చోటే ఇస్తది. మూతి పగలకుండ ఇనుప పొన్ను వేస్తరు. గొడ్డలి సంగతి వేరే. దాని బొక్కలోకి కామ బిగువుగ దూరాలె, చివర చీల్చి చీల కొట్టాలె. పచ్చి కట్టె వేస్తే ఎండినంక కుంచించుకపోయి వదులైతది. అందుకే ముందే కొట్టి నీడలో ఆరబెడ్తరు. కట్టె నార కామ పొడుగునా నేరుగ సాగాలె, అడ్డం పోతే దెబ్బకు అక్కడ్నే విరుగుతది. పొలం గట్టు మీద తుమ్మ, అడవిల చిరుమాను, తడ: దెబ్బను ఓర్చుకునే కట్టెలు ఇవి. చిరుమానుకు ఇంగ్లీషోళ్లు ‘ఇరుసు కట్టె’ అనే పేరు పెట్టింది ఆ గట్టితనం చూసే.

ఇప్పుడు అసలు సంగతి. మనలో లంబాడా తండాల పెద్దలు ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి బతికిన్రు. రోడ్లు, రైళ్లు వచ్చినంక ఆ వ్యాపారం పోయింది. అడవి అంచున తండాలు వేసుకున్నరు, గొడ్డలి, పార, కొడవలి పట్టిన్రు. ఇనుము ఊర్ల కమ్మరి దగ్గర, కట్టె అడవిల. కానీ అడవికి చట్టం వచ్చింది: నిజాం కాలంలో 1355 ఫసలీ, అంటే 1945-46 నాటి హైదరాబాద్ అటవీ చట్టం, తర్వాత 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం. రిజర్వు అడవిల అనుమతి లేకుండ కట్టె కొడితే నేరం. కామ కోసం కొట్టిన ఒక్క కొమ్మకు కూడా అదే లెక్క.

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(బి) చదవండి. ‘నిస్తార్’ వంటి సామూహిక హక్కులను, పాత సంస్థానాల్లో వాడుకలో ఉన్నవాటితో సహా, అది గుర్తిస్తది. నిస్తార్ అంటే ఇంటి అవసరానికి, సేద్యానికి అడవి నుంచి తెచ్చుకునుడు. హైదరాబాద్ కూడా సంస్థానమే. పనిముట్టుకు కామ కట్టె ఇంతకంటే సొంత అవసరం ఏముంటది అన్నది మన వాదన.

మరి రుజువు ఎక్కడిది? ఇనుము మన్నులో మిగుల్తది, కట్టె చెదలు తిని పోతది. రసీదు ఉండదు, ఫోటో ఉండదు. కానీ ఆ చట్టం కింద వచ్చిన నియమాలలో 13వది, పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే దాన్ని కూడా సాక్ష్యంగ తీసుకోవచ్చు అంటది. అదొక్కటే సరిపోదు, ఇంకో రుజువు కూడా జత కావాలె. అయినా మాట లేకుంటే మొదలే లేదు.

కాబట్టి సెలవులకు ఇంటికి పోయినప్పుడు తాతను, అవ్వను కూసోబెట్టి అడగండి. కామ ఏ చెట్టుది? ఏ గుట్ట నుంచి తెచ్చిన్రు? ఏ కాలంలో కొట్టిన్రు? ఎవరు ఆపిన్రు? పేరు, తండా, తేదీ వేసి రాయండి, వేలిముద్రనో సంతకమో తీసుకోండి. ఆ కాగితం గ్రామసభకు పనికొస్తది. వాళ్లు పోయినంక అడుగుదామంటే చెప్పేటోళ్లు ఉండరు.