ఛాయాచిత్రం: కళాగుణం, అభిరుచి

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి అని లోకోక్తి. విస్తరి ముందు కూర్చున్నవారి నడుమ ఈ మాటతో తగవు తీరిపోవచ్చును. కళ విషయంలో అంత సులభంగా తీరదు. ఒక చిత్రం బాగున్నదని చెప్పేవాడు తన కంటికి ఇంపుగా ఉన్నదని మాత్రమే చెప్పి ఊరకుండడు. ఎదుటివాడు కూడ ఔనని ఒప్పుకొనవలెనని ఆశిస్తాడు. ఈ ఆశలో నుంచే విమర్శ పుట్టినది. చిత్రకారుని చేతికీ చిత్రానికీ నడుమ ఒక యంత్రం వచ్చి నిలిచిననాడు ఆ విమర్శకు మునుపెన్నడూ ఎరుగని చిక్కు ఏర్పడినది.

1839లో పారిస్ నగరంలో డాగేర్ కనుగొన్న పద్ధతిని లోకానికి వెల్లడించినారు. ఇరవై ఏండ్లకు, అనగా 1859లో, అక్కడి చిత్రకళా ప్రదర్శనం జరిగిన భవనంలోనే ఛాయాచిత్రాలకు కూడ చోటు దొరికినది; కాని వాటికి ద్వారం వేరు. కవి బోద్లేర్ ఆ పాటి చోటును కూడ సహింపలేదు. ఛాయాచిత్రం శాస్త్రాలకు, కళలకు సేవ చేయదగినదే గాని, కల్పనారాజ్యంలో అడుగుపెట్టదగినది కాదని ఆయన వాదం. 1862లో వివాదం న్యాయస్థానానికి ఎక్కినది. ఇటలీ రాజనీతిజ్ఞుడు కవూర్ ఛాయాచిత్రానికి ఇతరులు నకళ్లు తీసినారని మేయర్, పియర్సన్ అనే ఛాయాగ్రాహకులు దావా వేసినారు. ఛాయాచిత్రం కూడ కర్త బుద్ధికి, అభిరుచికి ఫలం కాగలదని, కనుక కళాకృతికి గల రక్షణ దానికీ చెల్లునని పారిస్ న్యాయస్థానం తీర్పు చెప్పినది. ఆంగ్ర్ మొదలైన చిత్రకారులు నిరసన పత్రంపై సంతకాలు చేసినారు. వ్యాజ్యం తేలినది గాని వాదం తేలలేదు.

భారతదేశానికి ఈ విద్య త్వరలోనే వచ్చినది. 1854లో బొంబాయిలోను, 1856లో కలకత్తా, మద్రాసు నగరాలలోను ఛాయాగ్రాహక సంఘాలు వెలసినవి. ఏది మంచి చిత్రమో నిర్ణయించే పనిని ఈ సంఘాలు, వాటి ప్రదర్శనలు చేపట్టినవి. వంగదేశపు సంఘానికి కోశాధికారిగా పనిచేసినవాడు ప్రసిద్ధ పండితుడు రాజేంద్రలాల్ మిత్ర. 1857లో నీలితోటల తెల్లదొరలను విమర్శిస్తూ ఆయన ఉపన్యసించగా, సంఘం ఆయనను వెలివేసినది. కారణం ఆ ఉపన్యాసమే గాని, కళకు సంబంధించిన దోషమేదీ కాదు. అభిరుచిని తూచే త్రాసు ఎవరి చేతిలో ఉన్నదో ఈ ఉదంతం తెలుపుతున్నది.

సామ్యూల్ బోర్న్ 1863లో ఈ దేశానికి వచ్చి 1870 వరకు ఉన్నాడు. ఆనాటి పద్ధతిలో గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే కడగవలసి ఉండేది. అందుచేత పలకలు, మందులు, చీకటి గుడారం కూలీల వీపుల మీద హిమాలయాలు ఎక్కినవి. 1866లో 18,000 అడుగులకు మించిన మణిరంగ్ కనుమలో కూడ ఆయన చిత్రాలు తీసినాడు. అంత శ్రమపడి ఆయన వెదకినది నీటిలో నీడ, ముందువైపు ఒక చెట్టు, వెనుక మసకబారే కొండ. అనగా ఇంగ్లీషు ప్రకృతిచిత్రాలు నేర్పిన పొందిక. అది దొరకని చోట హిమాలయం కూడ ఆయన కంటికి కొరతగానే తోచినది.

మద్రాసు సైన్యాధికారి లిన్నియస్ ట్రైప్ పని వేరు. ప్రభుత్వం ఆయనను కోరినది అందం కాదు, దాఖలా. 1858లో ఆయన తంజావూరు బృహదీశ్వరాలయ విమానం అడుగుభాగాన చెక్కిన శాసనాలను వరుసగా చిత్రించి, 21 చిత్రాలను జతపరచి, సుమారు 19 అడుగుల పొడవు గల పటం తయారుచేసినాడు. గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యన్ ఇదంతా దండుగ ఖర్చని తలచి ఆ శాఖను మూయించినాడు. నేడు ఆ పటాన్ని కళాకృతిగా ఆదరిస్తున్నారు. దాఖలా కోసం పనిచేసిన ట్రైప్ కూడ అభిరుచిని విడిచినవాడు కాడు. ఆనాటి రసాయనాలకు ఆకాశం వట్టి తెలుపుగా పట్టుబడేది. ఆయన నెగెటివు మీద రంగు పూసి మేఘాలను కల్పించినాడు.

కలకత్తాలో 1815లో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరాన్ 48వ ఏట ఇంగ్లండులో కెమెరా చేతపట్టినది. ఆమె చిత్రాలలో ముఖాలు మసకగా ఉంటవి. పలకల మీద గీతలు, మరకలు కనిపిస్తవి. ఇది చేతకానితనమని ఆనాటి ఛాయాగ్రాహకులు తప్పుపట్టినారు. ఆ మసకలోనే మనిషి అంతరంగం తోచినదని చిత్రకారులు, కవులు కొందరు మెచ్చినారు. ఆమె 1879లో సింహళంలో మరణించినది. ఆమె చిత్రాలలో ఒక్క గీత మారలేదు. చూచే కన్నులు మాత్రం మారినవి. ఆనాడు దోషమన్నదే నేడు ఆమె ప్రతిష్ఠకు ఆధారం.

మన దేశంలో యంత్రానికీ కుంచెకూ ఇంతటి వైరం కనబడదు. ఉదయపురం, నాథద్వారం చిత్రకారులు ఛాయాచిత్రం మీదనే దట్టంగా రంగులు వేసినారు. హైదరాబాదు దర్బారు మరొక అడుగు ముందుకు వేసినది. మీరట్ సమీపాన సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివిన లాలా దీనదయాళ్‌కు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ముసవ్విర్ జంగ్ అని బిరుదు ఇచ్చినాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. పారిస్ చిత్రకారులు ఛాయాగ్రాహకునికి నిరాకరించిన పేరును నిజాం బిరుదుగానే ఇచ్చినాడు.

దీనదయాళ్ చిత్రాలలో మహళ్లు, వేటలు, విందులు ఎంతో తీర్పుగా అమరినవి. 1899-1900 కరువునాడు ఔరంగాబాదు ప్రాంతంలో ఆయన సంస్థ తీసిన చిత్రాలు కూడ ఉన్నవి. ఎముకలు తేలిన మనుష్యులు వాటిలో గుంపుగా కెమెరాకు ఎదురుగా నిలిచినారు. దర్బారు చిత్రాలలో కనువిందు చేసే పొందికయే ఇక్కడ గుండెను పిండుతుంది. ఇవి బాగున్నవని అనడానికి నోరు రాదు. బాగులేవని త్రోసివేయడానికీ మనసు రాదు. 1943లో వంగదేశపు కరువును సునీల్ జానా చిత్రించినప్పుడు కూడ చూచినవారికి ఇదే సంకటం. ఇచ్చట అభిరుచి ఒక్కటే చాలదు. ఆ మనిషి అక్కడ ఎందుకు నిలిచినాడు, అతనిని నిలిపినదెవరు, చిత్రం ఎవరి కోసం తీసినారు అని అడగక తప్పదు.

ఈ చరిత్రలో ఒకనాటి తీర్పు మరునాటికి నిలువకపోవడం పలుమారు కనిపిస్తున్నది. అంతమాత్రాన తీర్పులన్నీ వట్టివని, ఎవరికి తోచినది వారికి ఒప్పని తేల్చడం తొందరపాటు. కామెరాన్‌ను నిందించినవారు తమకు నచ్చని లక్షణాన్ని చూచినారే గాని, దాని ప్రయోజనాన్ని విచారింపలేదు. ట్రెవెల్యన్ ఖర్చును చూచినాడు. రాతిమీది అక్షరాన్ని చూడలేదు. వారి తప్పు అభిరుచి కలిగి ఉండడంలో లేదు, అంతటితో ఆగిపోవడంలో ఉన్నది. యంత్రం తన ఎదుట ఉన్నదంతా పట్టుకొంటుంది. దాని ఎదుట ఏది నిలుపవలెనో, ఏది విడువవలెనో నిర్ణయించేవాడు మనిషి. ఆ నిర్ణయాన్ని పరీక్షించిన తరువాత చెప్పే మాటకే విలువ. తన రుచి కూడ ఎవరో నేర్పినదేనని ఎరిగిన ప్రేక్షకుడు ఆ పరీక్షకు మరింత అర్హుడు.