కార్వాన్‌లో ఠగ్గు, ధూల్‌పేట్‌లో నేను

మొన్న రిలీజ్ అయిపోయాక కాస్త ఊపిరి పీల్చుకునే టైం దొరికింది. నెల రోజుల్లో మూడు నవలలు పూర్తి చేశాను. ఒకటి క్రైం, ఒకటి పెద్దింటి ప్రేమకథ, ఒకటి పల్లె కథ. మూడింట్లోనూ నిజాం రాజ్యం కనిపిస్తుంది. నేను విమర్శకుణ్ణి కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. కాబట్టి ఇవి ఒక మామూలు పాఠకుడి అభిప్రాయాలు, అంతే.

ముందు ఒక సంగతి చెప్పాలి. నేను పెరిగింది ధూల్‌పేట్‌లో. ఉద్యోగంలో చేరిన కొత్తలో లంచ్ దగ్గర ఎవరో మీదెక్కడ అనడిగితే చెప్పాను. "అయితే పార్టీకి సరుకు నువ్వే తేవాలి బాస్" అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత చాలా ఏళ్లు, ఎవరడిగినా "పురానాపూల్ దగ్గర" అనే చెప్పేవాణ్ణి. అబద్ధం కాదుగా! 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన ఆ వంతెన మాకు నిజంగా దగ్గరే.

ఇక మొదటి నవల. ఫిలిప్ మెడోస్ టేలర్ రాసిన 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ ఠగ్'. 1839లో లండన్‌లో అచ్చయింది. టేలర్ నిజాం కొలువులో పనిచేసిన ఇంగ్లీషు ఆఫీసరు. అమీర్ అలీ అనే ఠగ్గు, తాను పాలుపంచుకున్న 719 హత్యల కథని ఒక దొరగారికి చెప్పుకోవడమే నవలంతా. చదవడం మొదలుపెడితే ఆపలేం, ఆ మాట ఒప్పుకోవాలి. దారిలో స్నేహం కలిపి, నమ్మించి, రుమాలుతో గొంతు బిగించడం... రాత్రి లైటు ఆర్పాలంటే భయమేసింది.

ఈ ఠగ్గులు హైదరాబాదు వచ్చి ఎక్కడ దిగుతారనుకున్నారు? కార్వాన్‌లో! మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. అక్కడ ఆగిపోయాను. ఇది వట్టి కథ కాదు కదా అనిపించి, ఆ కాలపు చట్టాల గురించి వెతికి చదివాను.

1836లో కంపెనీ వాళ్లు ఒక చట్టం తెచ్చారు. ఫలానా హత్య చేశాడని రుజువు చెయ్యక్కర్లేదు, ఠగ్గుల ముఠాలో ఉండేవాడని తేలితే చాలు, యావజ్జీవం. మూడేళ్లకి ఈ నవల వచ్చింది. 1871లో ఇంకో అడుగు పడింది. ముఠాలే కాదు, కొన్ని కులాలూ తెగలూ మొత్తానికి మొత్తం పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసే చట్టం వచ్చింది. ఆ చట్టం రద్దయ్యేసరికి 1952 అయింది. ఇదంతా ఒక్క నవల వల్ల జరిగిందని నేననను. కానీ ఒక మనిషి చేసిన నేరం ఒక గుంపు గుణంగా మారిపోవడానికి ఇలాంటి కథలు దారి తీశాయనే నా అనుమానం. నవలలో "నేను" అనేది అమీర్ అలీయే, కలం మాత్రం దొరది.

రెండోది జీనత్ ఫతేహలీ ఇంగ్లీషులో రాసిన 'జోహ్రా', 1951 నాటిది. ఒకరిని పెళ్లాడి, అతని తమ్ముణ్ణి ప్రేమించిన అమ్మాయి కథ. సెంటిమెంటు పాలు నాకు కాస్త ఎక్కువే అనిపించింది. కానీ పరదా వెనకాల ఇంటి వాతావరణం, మర్యాదలు, మాటతీరు ఆ ఇంట్లో పెరిగినవాళ్లే రాయగలరు. మూడోది దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు'. బెజవాడ వైపు నుంచి వచ్చిన సారంగపాణి అనే పాటగాడి వెంట మనమూ దొర గడీలోకి వెళ్తాం. మూడింట్లో నాకు బాగా నచ్చింది ఇదే. పోలీసు చర్యకి ముందు తెలంగాణ పల్లె ఎలా ఉండేదో, మా స్కూలు సోషల్ పుస్తకం నాకు చెప్పలేకపోయింది ఇది చెప్పింది. పైగా ఆ సంభాషణల్లో మా నాయనమ్మ వినిపించింది.

దొర కలంతో ఠగ్గు, లోపలివాళ్ల కలంతో దేవిడీ, మనవాడి కలంతో గడీ. మరి ధూల్‌పేట్?

మా పక్కింటి దాదీ వాళ్లు లోధీలు. వాళ్ల పూర్వీకులు బుందేల్‌ఖండ్ నుంచి ఇక్కడి ఫౌజులో చేరడానికి వచ్చారని చెప్పేది. ఫౌజు పోయింది, మనుషులు మిగిలారు. సంక్రాంతికి పతంగులు, ఆ తర్వాత రాఖీలు, ఎండాకాలం నుంచే గణపతి విగ్రహాలు. ఊరంతా మొక్కే వినాయకుడు ముందు మా గల్లీలో, రంగు లేకుండా, తెల్లగా ఎండలో నిలబడేవాడు. గుడుంబా కాయలేదా అంటే, కాశారు. 2015-16లో ఎక్సైజ్ దాడులతో ఆ బట్టీలు చాలావరకు మూతపడ్డాయి. తర్వాత గంజాయి కేసులతో మళ్లీ పేపర్లో పడ్డాం. అవీ నిజమే. కానీ పేట అంటే అదొక్కటేనా? దాదీ చేతుల్లో పతంగి కాగితం ఎంత చకచకా మడత పడేదో ఏ ఎఫ్ఐఆర్‌లోనూ ఉండదు.

ఆ కథ రాసిన నవల నాకింకా దొరకలేదు. దాదీ పోయింది. నేను ఏదీ రాసి పెట్టుకోలేదు. పక్కింట్లోనే ఉండి ఒక్కసారి కూడా కూర్చుని వివరంగా అడగలేదు. దానికి ఏ టేలర్‌నీ తిట్టి లాభం లేదు.

మీ పేట గురించి, ఆ పేటవాళ్లే రాసిన నవల ఏదన్నా ఉంటే చెప్పండి. ఈసారి లాంగ్ వీకెండ్‌కి అదే చదువుతాను. అన్నట్టు, ఇప్పుడు ఎవరన్నా మీదెక్కడ అనడిగితే, ధూల్‌పేట్ అనే చెబుతున్నాను.